పర్సంటేజీ ఒక గుమ్మం, పింఛను ఇంకో గుమ్మం

వరద రోజుల్లో లంక ఊరి నుంచి, వైకల్యం ఎంత శాతమో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్ళాలంటే తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. కాజ్‌వే మునిగి ఉంటే ముందు పడవ. నడవలేని మనిషిని ఇద్దరు చేతుల మీద ఎత్తుకుని పడవలో కూర్చోబెడతారు. అవతలి గట్టున ఆటో, ఆటో దిగాక ఆసుపత్రి మెట్లు. వెంట ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో పాత ఎక్స్‌రేలు, ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, ఎప్పటివో మందుల చీటీలు. ఇంత చేస్తే డాక్టరు ముందు గడిపేది కొద్ది నిమిషాలే. తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. తోడు వెళ్ళిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది, ఆటో బాడుగ మీద పడుతుంది.

ఇంత తిరిగి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పింఛను రాకపోతే గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: "పర్సంటేజీ తక్కువేశారండి." కొందరి విషయంలో అది నిజమే. చాలామందికి మాత్రం పర్సంటేజీ సరిపోయే ఉంటుంది. నాన్న పేరు మీదున్న పొలం దగ్గరో, ఆధార్‌కు ముడిపడిన కరెంటు మీటరు దగ్గరో దరఖాస్తు ఆగి ఉంటుంది. ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. దాంతో ఆ కుటుంబం మళ్ళీ సదరం స్లాటు కోసం తిరుగుతుంది, మళ్ళీ అదే పర్సంటేజీ తెచ్చుకుంటుంది, మళ్ళీ అక్కడే ఆగుతుంది.

ఈ పనిలో మూడు గుమ్మాలున్నాయి. ఆసుపత్రి శరీరాన్ని కొలుస్తుంది. ఊళ్ళోని గ్రామ సచివాలయం, దాని వెనకున్న కంప్యూటరు కుటుంబాన్ని కొలుస్తాయి. మూడో గుమ్మం దగ్గర డబ్బు చేతికిచ్చే ముందు మనిషి ఆ మనిషేనా అని చూస్తారు. ఒక గుమ్మం దగ్గర వేసిన కొర్రీని ఇంకో గుమ్మంలో ఉన్నవాళ్ళు తీర్చలేరు. అందుకే కాళ్ళరిగేలా తిరిగే ముందు తేల్చుకోవాల్సింది, దరఖాస్తు ఏ గుమ్మం దగ్గర ఆగిందన్నదే.

మొదటి గుమ్మం సంగతే ఎక్కువ చెప్పుకోవాలి. అపార్థాలన్నీ అక్కడే ఉన్నాయి.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చి, ఆ జాబితాను 21కి పెంచింది. చూపు, వినికిడి, చేతులు, కాళ్ళతో పాటు ఆటిజం, మానసిక అనారోగ్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, పార్కిన్సన్స్, తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, యాసిడ్ దాడి గాయాలు, నయమైన కుష్ఠు మిగిల్చిన వైకల్యం అన్నీ అందులో ఉన్నాయి. ఏ రకమైనా సరే, చట్టం గీసిన గీత 40 శాతం. ఆ గీతను చేరితేనే పింఛనుకైనా, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కైనా, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లకైనా అర్హత.

ఆ శాతం దేన్ని కొలుస్తుంది? కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి చెట్టు మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడనుకుందాం. ఎముక అతికింది గానీ కీలు బిగుసుకుపోయింది. నేల మీద కుంటుతూ నడుస్తాడు. చెట్టు మాత్రం ఇక ఎక్కలేడు. అతని బతుకు నూటికి నూరు పాళ్ళు ఆగిపోయింది. కానీ డాక్టరు కొలిచేది కీలు ఎంత వంగుతోంది, కండరంలో ఎంత బలముంది, మనిషి ఎంత నిలబడగలడు అన్నవే. పోయిన జీవనోపాధికి ఆ పట్టికలో గడి లేదు. అతనికి 40 రాకపోవచ్చు. ఇందులో డాక్టరు చేసిన తప్పేమీ లేదు, కొలబద్దే అలాంటిది. కూలి మీద బతికే మనుషులను ఆ కొలబద్దతో కొలవడం మాత్రం అన్యాయమే.

కన్ను, చెవి విషయంలోనూ ఇంతే. నూర్పిళ్ళప్పుడు వడ్లగింజ ఎగిరి ఒక కంటి చూపు పూర్తిగా పోయినా, రెండో కన్ను బాగుంటే మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతం. "ఒక కన్ను లేదంటే సగం లేనట్టేగా" అని అందరూ అనుకుంటారు గానీ లెక్క అలా లేదు. చెవుల విషయంలో చట్టం రెండింటినీ కలిపి చూస్తుంది. రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. ఒక చెవి పూర్తిగా వినపడకపోయినా, రెండోది వినపడితే ఆ మనిషి ఈ నిర్వచనంలోకి రాడు.

రెండు వైకల్యాలున్నవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఒక కన్ను పోయి 30 శాతం, కాలికి 10 శాతం ఉంటే కలిపి 40 అవుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆసుపత్రిలో అలా కూడరు. ముందు పెద్ద అంకెను తీసుకుంటారు. 90లోంచి దాన్ని తీసేస్తే మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఇక్కడ 90లో 30 తీసేస్తే 60. పదితో గుణిస్తే 600, 90తో భాగిస్తే ఆరున్నర పైచిలుకు. మొత్తం 37 దగ్గర ఆగుతుంది. మూడు శాతం తేడాతో పింఛను పోయింది. ఈ లెక్క తెలియని ఇంట్లో డాక్టరు లంచం కోసం తగ్గించాడన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం మీదే దళారులు బతుకుతున్నారు. "నలభై వేయిస్తాం" అని డబ్బు అడిగేవాడు ఆ అంకెను మార్చలేడు. ఒకవేళ తప్పుడు సర్టిఫికెట్ ఇప్పించినా, తరవాతి తనిఖీలో పట్టుబడేది సర్టిఫికెట్ తీసుకున్న మనిషే.

పరీక్ష రోజున పర్సంటేజీ పోయే దారులు మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మన మర్యాద. డాక్టరు "ఎలా ఉందమ్మా" అని అడిగితే, డెల్టాలో పెద్దవాళ్ళ నోటికి మొదట వచ్చే జవాబు "బాగానే ఉందండి". ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పే జవాబు అది. పరీక్ష గదిలో అదే మాట కాగితమ్మీదికి ఎక్కుతుంది. బాత్రూంకు ఎవరో ఒకరు పట్టుకుంటే గానీ వెళ్ళలేని మనిషి, ఆ సంగతి పరాయివాళ్ళ ముందు చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంటారు. అన్నం ఎవరు కలిపి పెడతారు, మెట్లు ఎక్కగలరా, చొక్కా ఎవరు తొడుగుతారు, రాత్రి ఎన్నిసార్లు లేపాలి అన్నవి తోడు వెళ్ళినవాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. మానసిక అనారోగ్యంలో ఇది మరీ ముఖ్యం. మందులు వేసుకుని శాంతంగా కూర్చున్న రోజున మనిషి మామూలుగానే కనిపిస్తాడు. ఆ వైకల్యాన్ని కొలిచే పద్ధతిలో సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట, పనిపాటలతో పాటు జబ్బు ఎన్నాళ్ళుగా ఉందన్నదీ లెక్కే. ఎన్నాళ్ళుగా అన్నదానికి సాక్ష్యం పాత ఓపీ చీటీలే. వాటిని పారేయకూడదు.

ఏ ఆసుపత్రికి స్లాటు పడిందో ముందే చూసుకోవాలి. ఎముకలు, కీళ్ళకు ఏరియా ఆసుపత్రి సరిపోతుంది. చెవికి ఆడియోమెట్రీ, బెరా లాంటి పరీక్షలు కావాలి, మానసిక వైకల్యానికి ఆ నిపుణులుండాలి. వాటి కోసం కాకినాడ లాంటి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాల్సి రావచ్చు. స్లాటు సచివాలయంలోగానీ మీసేవలోగానీ బుక్ చేస్తారు. వైకల్యం రకం అక్కడ తప్పుగా నొక్కితే ఆ రోజంతా వృథా అవుతుంది. బుకింగ్ రశీదు మీద రకం ఏమని ఉందో చదివించుకుని గానీ కౌంటరు దగ్గర్నుంచి కదలకూడదు.

పిల్లల సర్టిఫికెట్లు చాలావరకు తాత్కాలికమే. నేర్చుకోవడంలో ఇబ్బందికి ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. మళ్ళీ 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు పరీక్ష ఉంటుంది. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న చిన్నపిల్లలకూ వయసును బట్టి గడువు వేస్తారు. ఆ గడువు తేదీ కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మానాన్నలు దాన్ని గమనించరు. ఒక నెల పింఛను ఆగినప్పుడే తెలుస్తుంది. గడువుకు ఆరు నెలల ముందే కొత్త స్లాటు కోసం అడగడం మొదలెట్టాలి, ఎందుకంటే స్లాట్లు అడిగిన వెంటనే దొరకవు.

ఇక డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అంతకుముందు 3,000 ఉండేది. ఇందులో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలియదు. ఇందిరా గాంధీ జాతీయ దివ్యాంగుల పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు, అదీ 80 శాతం పైన వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువనున్న 18 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకే. మూడు వందలకు ఈ రోజుల్లో ఏమొస్తుంది? అసలు భారమంతా రాష్ట్రం మీదే ఉంది కాబట్టి నిబంధనలూ, తనిఖీలూ, కోతలూ రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి.

పక్షవాతం వల్లనో, తీవ్రమైన కండరాల క్షీణత వల్లనో, ప్రమాదంలోనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్ళకు 15,000. ఇది పర్సంటేజీ ఒక్కదాన్ని బట్టే వచ్చేది కాదు. 90 శాతం ఉన్నా, కర్ర సాయంతో నడవగలిగితే వచ్చేది ఆరు వేలే. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళకు, తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్ళకు 10,000. డెల్టాకు బాగా తెలిసిన బోదకాలు కూడా ఈ కోవలోనే ఉంది, కానీ రెండు కాళ్ళకూ ఉండి నాలుగో దశకు చేరితేనే. ఒక కాలు ఏనుగు కాలై, పొలంలో దిగలేక, చెప్పు పట్టక అవస్థ పడే మనిషి దీనికి అర్హుడు కాడు. బోదకాలుతో తరతరాలుగా బాధపడిన ప్రాంతంలో ఈ షరతు కొంచెం సడలించాల్సిన అవసరం ఉంది.

రెండో గుమ్మం దగ్గర శరీరం ప్రస్తావనే రాదు. అక్కడ చూసేవి కుటుంబ ఆదాయం, భూమి, కారు, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు వాడకం. పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదన్న ఆదాయ పరిమితి ఉంది. భూమి మాగాణి అయితే మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు ఉండాలి.

ఈ మూడు, పది అన్న తేడా డెల్టా మెడకు చుట్టుకుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి కాలవ నీళ్ళు పారే ఈ నేలలో పొలమంతా దాదాపు మాగాణే. మెట్ట ప్రాంతంలో ఎనిమిదెకరాలున్న ఇంటికి అర్హత ఉంటుంది. ఇక్కడ మూడున్నర ఎకరాల పల్లపు భూమి ఉన్న ఇంటికి ఉండదు. ఆ మూడున్నర ఎకరాలు కూడా చాలా ఇళ్ళల్లో కాగితమ్మీద ఒకరివి, నేల మీద ముగ్గురివి. నాన్న పేరుతో పాస్ పుస్తకం ఉంటుంది, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఎకరం చొప్పున చేసుకుంటుంటారు. నాన్నతో పాటే రేషన్ కార్డులో ఉన్న దివ్యాంగుడైన కొడుక్కి మాత్రం కంప్యూటరు మూడున్నర ఎకరాలూ లెక్కగడుతుంది. అలాంటి ఇంట్లో మళ్ళీ సదరానికి వెళ్ళి ఏం లాభం? వెళ్ళాల్సింది రెవెన్యూ దగ్గరికి. ముందు 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీయించి ఎవరి పేరు మీద ఎంత ఉందో, మాగాణి అని రాశారో మెట్ట అని రాశారో చూసుకోవాలి. కోనసీమ మెరక తోటలు, లంక భూములు రికార్డుల్లో ఏ వర్గంలో పడ్డాయో చూడకుండా వదిలేయకూడదు. పంపకం నిజంగా జరిగి ఉంటే దాన్ని కాగితమ్మీదికి ఎక్కించుకోవాలి. అమ్మేసిన పొలం ఇంకా పాత పేరు మీదే ఉంటే మ్యుటేషన్ చేయించాలి.

కరెంటు కథ కూడా ఇలాంటిదే. నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఒకే ఆధార్ కింద ఇంటి మీటరు, అద్దెకిచ్చిన పోర్షన్ మీటరు, ఎప్పుడో చెరువు దగ్గర తీసుకున్న కనెక్షన్ అన్నీ పడితే లెక్క దాటిపోతుంది. చెరువు లీజుకిచ్చి ఏళ్ళయినా మీటరు పేరు మారకపోతే ఆ బిల్లు ఈ ఇంటి ఖాతాలోకే వస్తుంది. పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటూ ప్రభుత్వోద్యోగం చేస్తున్న అన్న, సచివాలయంలోని కుటుంబ వివరాల మ్యాపింగ్‌లో ఇంకా ఇదే ఇంట్లో ఉన్నాడంటే అదీ అడ్డే. ఇలాంటివి సరిదిద్దుకోవచ్చు. కాకపోతే ఫలానా కారణంతో ఆగిందని సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ చేత స్పష్టంగా చెప్పించుకోవాలి. "పైనుంచి రాలేదండి" అన్నది కారణం కాదు. స్క్రీన్ మీద ఏ గడిలో తేడా ఉందో చూపించమని అడిగే హక్కు దరఖాస్తుదారుకు ఉంది.

అన్నీ సరిగ్గా ఉన్నా సర్టిఫికెట్ వచ్చిన నెలే పింఛను మొదలవదు. మంజూరు అన్నది వేరే మెట్టు. ఈ ఎదురుచూపులో టెన్షన్ పడి డబ్బులు పోసేవాళ్ళు చాలామంది. దరఖాస్తు నంబరు, తేదీ ఉన్న రశీదు చేతిలో ఉంటే అంతకంటే పెద్ద సిఫార్సు అక్కర్లేదు.

మూడో గుమ్మం దగ్గర కష్టం తక్కువే. నెల ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికే వచ్చి ఇస్తారు. వేలిముద్ర పడకపోవడం ఇక్కడ మామూలు సమస్య. కొబ్బరి పీచు పనిలో వేళ్ళు అరిగినవాళ్ళకు, వేళ్ళే లేనివాళ్ళకు వేరే పద్ధతిలో గుర్తింపు తీసుకోవాలి గానీ వెనక్కి పంపకూడదు. ఒక నెలో రెండు నెలలో ఊళ్ళో లేకపోతే తరవాత కలిపి ఇస్తున్నారు. అంతకు మించి అందుబాటులో లేకపోతే పింఛను ఆగిపోతుంది. కూతురి దగ్గర ఉందామని హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2025లో జరిగిన పునఃపరిశీలన ఈ గుమ్మాలన్నింటినీ ఒక్కసారిగా కదిలించింది. జనవరిలో మొదట 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకు వైద్య బృందాలు వెళ్ళాయి. తరవాత మిగతావాళ్ళను ఆసుపత్రులకు పిలిచారు. 40 కంటే తక్కువ వచ్చిందని ఆగస్టులో నోటీసులు వెళ్ళాయి. గగ్గోలు లేచాక, అప్పీలు చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనలేరు. వాటిని ఏరేయడం అవసరం కూడా. కానీ చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిన కాలు యాభై ఏళ్ళ తరవాత లావెక్కదు. అలాంటి మనిషిని, శాశ్వతం అని రాసి ఉన్న సర్టిఫికెట్ చేతిలో ఉండగా, మళ్ళీ లైన్లో నిలబెట్టడం దేనికి? అనుమానం ఉన్న రకాలను వేరు చేసి చూసి ఉంటే వేలమందికి ఆ ప్రయాణం తప్పేది.

నోటీసు వచ్చినవాళ్ళు చేయకూడనిది ఒకటే, ఊరుకోవడం. 2016 చట్టంలోని 59వ సెక్షన్ సర్టిఫికెట్ మీద అప్పీలుకు హక్కు ఇచ్చింది. అప్పీలు మండలంలో ఎంపీడీవోకు, పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. పాత సర్టిఫికెట్, పాత చికిత్స కాగితాలు జతచేయాలి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్ ఉంది, సమాచార హక్కు దరఖాస్తు ఉంది. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంకా పెద్ద ఆసరా ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్ళు చాలా తక్కువ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఆఫీసు ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు.

పింఛను రాకపోయినా సర్టిఫికెట్ వృథా కాదన్నది కూడా చెప్పాలి. భూమి వల్ల పింఛను ఆగిన మనిషికి కూడా ఆర్టీసీ బస్సులో రాయితీ, కొన్ని రకాల వైకల్యాలకు రైల్లో రాయితీ వర్తిస్తాయి. ఆదాయపు పన్ను కట్టే ఇంట్లో పాత పన్ను విధానం కింద 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవాళ్ళకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా వైద్య ఖర్చులు ఇస్తుంది. అలాంటి పిల్లలకు 18 నిండగానే బ్యాంకులో అడిగే గార్డియన్ కాగితం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నుంచి వస్తుంది. అమ్మానాన్నలకు ఓపికున్నప్పుడే ఆ కాగితం తీసుకుంటే మంచిది.

లంక ఊళ్ళవాళ్ళకు ఇంకొక్క మాట. 2022 జులై వరదలాంటిది వస్తే ఇంట్లో ముందు తడిసేది ట్రంకు పెట్టెలోని కాగితాలే. దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, పోయినా నంబరుంటే పోర్టల్ నుంచి మళ్ళీ తీసుకోవచ్చు. సర్టిఫికెట్ రెండు వైపులా ఫోన్లో ఫొటో తీసి, ఊరు దాటి ఉన్న ఒక చుట్టానికి పంపి పెట్టుకోవాలి. సదరం నంబరు, యూడీఐడీ నంబరు, గడువు తేదీ ఇంట్లో నీళ్ళందని ఎత్తున, దూలం కింద గోడ మీద పెయింటుతో రాసి పెట్టుకుంటే, పడవలో ఏ సంచి ఎక్కినా ఎక్కకపోయినా ఆ మూడూ ఇంట్లోనే ఉంటాయి.